కడక్‌నాథ్ పిల్లలు కొనేముందు పుంజునీ పెట్టల్నీ చూడండి

విజయవాడలో ఒకాయన కడక్‌నాథ్ (చర్మం, మాంసం దాకా నల్లగా ఉండే కోడి జాతి) పిల్లలు అమ్ముతున్నాడు, అసలువో కాదో ఎలా తెలుస్తుంది, రేపు మేమూ పిల్లలు తీసి అమ్మొచ్చా అని అడిగారు. కంకిపాడు దగ్గర మా దొడ్లో కడక్‌నాథ్, కొన్ని అసిల్ (పందెంకోడి జాతి) పెంచి పిల్లలు అమ్ముతుంటాను, నాకు తెలిసింది చెప్తాను.

పిల్లను చేతిలోకి తీసుకుని చూస్తే జాతి తేలదండీ. కాళ్లు నలుపు, నాలుక నలుపు అని చూపిస్తారు. కడక్‌నాథ్ పుంజును మామూలు నాటుపెట్టల మీద వదిలినా పిల్లల్లో, ముఖ్యంగా పెట్టపిల్లల్లో, చాలా వరకు నల్లగానే వస్తాయి. ఆ నలుపుకి బలం ఎక్కువ. తేడా బయటపడేది మీ ఇంట్లో వాటికి పిల్లలు పుట్టినప్పుడు: ఒకటి నల్లది, ఒకటి తెల్లకాళ్లది, ఇంకోదానికి ఎర్ర జుట్టు. అప్పటికి అమ్మినాయన ఫోన్ ఎత్తడు.

అందుకే తల్లీతండ్రీ కోళ్లను చూపించమనండి, కుదిరితే వాటి పాత పిల్లల్ని కూడా. పెద్దకోడికి చర్మం, కాళ్లు, నోటి లోపల నల్లగానో ముదురు ఊదాగానో ఉండాలి. ఈకలు మాత్రం మొత్తం నలుపే కానక్కర్లేదు, మెడ మీద వెండి చారలున్నవీ బంగారు రంగువీ ఆ జాతిలోవే. నల్లగుడ్లు పెడుతుందని ఎవరన్నా అంటే ఇక బేరమాడకండి, గుడ్డు లేత గోధుమ రంగులోనే ఉంటుంది. జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతం సరుకని ఇచ్చే గుర్తింపు) మాటా అంతే. 2018లో అది వచ్చింది మధ్యప్రదేశ్ ఝాబువా కడక్‌నాథ్ మాంసానికి, మీకు చూపించే జతకు కాదు.

అసిల్ అయితే సంక్రాంతి ముందు అసలు కొనకండి. రేట్లు మండుతుంటాయి, ప్రతి క్రాస్ పుంజూ జాతిపుంజే అవుతుంది.

ఇక మీరు అమ్మడం గురించి. క్రాస్ అయితే క్రాస్ అనే చెప్పి రేటు తగ్గించండి, కూరకు పెంచుకునేవాళ్లు హాయిగా తీసుకుంటారు. ఒక్కరోజు వయసు పిల్లల్లో పుంజేదో పెట్టేదో నేను మాటివ్వను. పెట్టల్ని నా దగ్గర కొంటే పుంజును వేరే చోట తెచ్చుకోమంటాను, లేకపోతే అన్నాచెల్లెళ్లే జతకడతాయి.

టీకాల దగ్గర మాత్రం చాలామంది ఎగ్గొడతారు. మొదటి వారంలో కొక్కెర తెగులుకి (రాణిఖేత్) లసోటా టీకా, రెండో వారంలో గంబోరో తెగులు టీకా పడాలి. సీసాలో వందల డోసులుంటాయి, ఒకసారి కలిపితే రేపటికి దాచుకోలేం, పది పిల్లలకు అంత సీసా ఎందుకని మానేస్తారు. మేం చుట్టుపక్కల పెంచేవాళ్లం ఒకే రోజు పెట్టుకుని ఒక సీసా పంచుకుంటాం. ఏ రోజు ఏది వేశామో కాగితం మీద రాసి కొన్నవాళ్లకు ఇస్తాను. మీరు కొనేటప్పుడూ అది అడగండి. ఇచ్చినా సరే, కొత్తవాటిని రెండు మూడు వారాలు పాతకోళ్లతో కలపకండి. కొక్కెర తెగులు వచ్చిందంటే దొడ్డి ఖాళీ అయిపోతుంది.