ఏ డిస్కు పాతది, ఏ డిస్కు కొత్తది?

అమ్మా,

నువ్వు పంపిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. భాష తేటగా ఉంది. కానీ ఏడో పేజీలో ఒక లైను నన్ను స్థిమితంగా కూర్చోనివ్వలేదు. ఈ ఉత్తరం దాని కోసమే.

స్పార్క్ సర్వర్ మీద సోలారిస్ 10 ఆపరేటింగ్ సిస్టమ్‌కి ప్యాచ్‌లు (సవరణలు) వేసి, తేడా వస్తే రెండో బూట్ డిస్కు మీదికి ఎలా మారాలో రాశావు. మారిపోయాక మిర్రర్‌ని, అంటే రెండు డిస్కుల మీద ఒకే డేటా ఉంచే జతని, తిరిగి కట్టే చోట ‘మెటాఇనిట్ డీ0 -ఎమ్ డీ10 డీ20’ అని ఒక్క లైను ఇచ్చి, ‘దీనితో మిర్రర్ పునరుద్ధరించబడుతుంది’ అని ముగించావు. ఆ కమాండ్ ఆగదు, నడుస్తుంది. నా భయం అందుకే. డీ0 మిర్రర్; డీ10, డీ20 దాని కింది సబ్‌మిర్రర్‌లు, ఒక్కో డిస్కు మీద ఒకటి. ఆ రెండింటినీ ఒకే లైనులో ఇస్తే వాల్యూమ్ మేనేజర్ (మిర్రర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) రీసింక్ చెయ్యదు, అంటే ఒకదాన్ని రెండోదానితో సమం చెయ్యదు. రెండింట్లోనూ ఒకే డేటా ఉందన్న నీ మాటే నమ్ముతుంది. డేటా ఒకేలా లేకపోవచ్చని ఒక హెచ్చరిక మాత్రం తెర మీద పడుతుంది. అర్ధరాత్రి రెండు గంటలకు చేంజ్ విండో (మార్పులకు ఇచ్చిన సమయం) ముగిసిపోతుంటే ఆ హెచ్చరిక ఎవరు చదువుతారు?

అప్పటికి డీ10లో ప్యాచ్ పడిన కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) ఉంది, డీ20లో పాత కెర్నల్ ఉంది. మిర్రర్ మామూలుగా వంతులవారీగా చదువుతుంది, ఒకసారి ఇటు నుంచి, ఒకసారి అటు నుంచి. ఒకే లైబ్రరీ ఫైల్లో ఒక ముక్క కొత్త డిస్కు నుంచి, తర్వాతి ముక్క పాత డిస్కు నుంచి వస్తుంది. రాతలు మాత్రం రెండింటి మీదా పడతాయి. రూట్ ఫైల్ సిస్టమ్ అలా పాడవుతూనే ఉంటుంది, మిర్రర్ స్థితి చూపే మెటాస్టాట్ మాత్రం రెండు సబ్‌మిర్రర్‌లూ ‘ఓకే’ అనే చూపిస్తుంది.

కమాండ్ తెలియక నువ్వు ఈ తప్పు చెయ్యలేదు. ఐదో పేజీ నుంచే డిస్కుల పేర్లు వదిలేశావు. ‘ఆ డిస్కు’, ‘రెండోది’, ‘మిగిలిన సబ్‌మిర్రర్’ అంటూ వచ్చావు. ఈ పనిలో ‘మొదటిది’, ‘రెండోది’ అన్న మాటలు సగం దారిలో అర్థం మార్చేసుకుంటాయి. వెనక్కి మారాక రెండోదే మొదటిది అవుతుంది. ఆ తికమకలో రెండింటినీ కలిపి ఒకే లైనులో పడేశావు. నా పట్టుదల ఒక్కటే: ప్రతి వాక్యంలోనూ స్లైస్ (డిస్కులో ఒక భాగం) పూర్తి పేరు రాయి, పక్కనే అది ప్యాచ్ పడినదో పడనిదో రాయి. ‘సీ0టీ1డీ0ఎస్0, పాతది’ అని పది వాక్యాల్లో వస్తే పదిసార్లూ రాయి. డీ10 ఉన్న డిస్కు సీ0టీ0డీ0, డీ20 ఉన్నది సీ0టీ1డీ0, చివరి ఎస్0 అంటే సున్నా స్లైస్.

సంపాదకులు దీన్ని సహించరు. పునరుక్తి దోషం అంటారు. నా వ్యాసం ఒకదానిలో తొమ్మిది చోట్ల ఉన్న స్లైస్ పేరును ఏడు చోట్ల ‘సదరు డిస్కు’ చేసి అచ్చేశారు. ఇంకొకరు డిస్కు మీద బూట్ బ్లాక్ రాసే ఇన్‌స్టాల్‌బూట్ కమాండ్‌లో ‘యూనేమ్ -ఐ’కి అటూ ఇటూ ఉండాల్సిన వెనక్కి వాలిన గుర్తుల్ని తీసి అందమైన వంకర కొటేషన్లు పెట్టారు. దాన్ని చూసి టైపు చేసినవాడికి ఆ కమాండ్ నడవదు. కథకైతే ఆ సవరణలు అక్కరకొస్తాయేమో, మన రాతకు రావు. నీ ప్రూఫు నువ్వే చూసుకో. కమాండ్లు ఉన్న పేజీని టెర్మినల్‌లో అతికించి నడిపి చూశాకే వదులు.

ఇప్పుడు నీ మూడో పేజీ. ప్యాచ్‌కి ముందు ‘మిర్రర్ స్థితి సరిచూసుకోవలెను’ అన్నావు. ఏం చూడాలి? మెటాస్టాట్‌లో ప్రతి సబ్‌మిర్రర్ ‘ఓకే’ అని ఉండాలి. ‘నీడ్స్ మెయింటెనెన్స్’ అని ఒక్కటి కనిపించినా ఆ రాత్రి ప్యాచింగ్ లేదు. మెటాడీబీ కొట్టినప్పుడు జెండాల వరసలో చిన్న అక్షరాలే ఉండాలి. పెద్ద అక్షరం కనిపిస్తే ఆ రెప్లికా (వాల్యూమ్ మేనేజర్ తన అమరికను రాసుకునే ప్రతి) దెబ్బతిన్నట్టు. మెటాస్టాట్ -పీ ఇచ్చే నాలుగైదు లైన్లను ఈ సర్వర్‌లో కాకుండా ఇంకోచోట దాచమని చెప్పు.

రెప్లికాల లెక్క నువ్వు అసలు రాయలేదు. సాధారణంగా ఒక్కో డిస్కు ఏడో స్లైస్‌లో మూడేసి, మొత్తం ఆరు ఉంటాయి. నడుస్తున్న సిస్టమ్‌కి సగం మిగిలితే చాలు, కానీ మామూలుగా బూట్ అవ్వాలంటే సగానికి ఒకటి ఎక్కువ కావాలి. పాత కాపీ భద్రంగా ఉంటుందని కొందరు డిటాచ్ చేసిన (మిర్రర్ నుంచి విడదీసిన) డిస్కును ఊడబెరికి సొరుగులో పెడతారు. ఆరింట మూడే మిగులుతాయి. తర్వాతి రీబూట్‌లో సిస్టమ్ సింగిల్ యూజర్‌లో (మరమ్మతుకు వాడే స్థితిలో) ఆగిపోయి పాస్‌వర్డ్ అడుగుతుంది. తప్పంతా ప్యాచ్ మీదికి పోతుంది. డిస్కును దాని చోటే ఉండనివ్వమని గట్టిగా రాయి.

డిటాచ్ దగ్గర నువ్వు డీ0 నుంచి డీ20 ఒక్కదాన్నే విడదీశావు. నీ బొమ్మలో వార్ ఫైల్ సిస్టమ్ (చిట్టాలు ఉండే భాగం) వేరుగా ఉంది, డీ3 కింద డీ13, డీ23 అని. దాన్ని మరిచిపోయావు. ఏ ప్యాచ్ పడిందో, ఏ ప్యాకేజీ ఏ స్థాయిలో ఉందో రాసుకునే చిట్టా అంతా వార్‌లోని శాడ్మ్ డైరెక్టరీలో ఉంటుంది. రూట్ వెనక్కి వెళ్ళి, వార్ కొత్తదే మిగిలితే షోరెవ్ -పీ ప్యాచ్ ఉందని చెబుతుంది, యూనేమ్ -వీ పాత కెర్నల్ పేరు చెబుతుంది. మళ్ళీ ప్యాచ్ వెయ్యబోతే ఇదివరకే ఉందని తిప్పి పంపుతుంది. అందుకని అప్లికేషన్లూ డేటాబేస్‌లూ ఆపి, సింగిల్ యూజర్‌కి వచ్చి, మెమరీలో మిగిలిన రాతల్ని డిస్కు మీదికి దించే లాక్‌ఎఫ్‌ఎస్ -ఎఫ్ఏ కొట్టి, మూడు డిటాచ్‌లూ వెంటవెంటనే చెయ్యాలి: మెటాడిటాచ్ డీ0 డీ20, స్వాప్ కోసం డీ1 డీ21, వార్ కోసం డీ3 డీ23. ఈ క్షణం నుంచి సీ0టీ1డీ0 పాతది. నీ రాతలో ఆ వాక్యం ఇక్కడే, ఈ చోటే కనిపించాలి.

విడదీసినంత మాత్రాన ఆ డిస్కు తనంతట తాను బూట్ అవ్వదు. దాని లోపలి ఫైళ్ళు ఇంకా డీ0నే రూట్ అనుకుంటున్నాయి. డీ20ని ఎఫ్‌ఎస్‌సీకేతో తనిఖీ చేసి, ఎమ్ఎన్‌టీ మీద మౌంట్ చేసి రెండు ఫైళ్ళు సవరించాలి. ఒకటి వీఎఫ్‌ఎస్‌టాబ్, ఏది ఎక్కడ మౌంట్ అవ్వాలో చెప్పే ఫైలు. డీ0, డీ1, డీ3 అని ఉన్న చోట్ల సీ0టీ1డీ0 స్లైస్‌ల పేర్లు రావాలి, ఎఫ్‌ఎస్‌సీకే కోసం ఉండే రా డివైస్ కాలమ్‌తో సహా. రెండోది ఈటీసీలోని సిస్టమ్ ఫైలు. అందులో ‘రూట్‌డెవ్’ అని మొదలయ్యే లైనును కామెంట్ చెయ్యాలి. నువ్వు హ్యాష్ గుర్తు పెట్టమన్నావు. వీఎఫ్‌ఎస్‌టాబ్‌లో హ్యాష్ సరే, ఈ ఫైల్లో కామెంట్‌కి నక్షత్రం గుర్తు పెట్టాలి.

ఆ లైను అలాగే మిగిలిపోతే ఏమవుతుందో చదివేవాళ్ళకు చూపించు. ఓకే ప్రాంప్ట్ (సిస్టమ్ లేవక ముందు సర్వర్ కమాండ్లు తీసుకునే చోటు) దగ్గర పాత డిస్కు పేరు చెప్పి బూట్ చేస్తావు. కెర్నల్ పాత డిస్కు నుంచే లేస్తుంది. లేచి సిస్టమ్ ఫైలు చదివి, రూట్‌గా డీ0ని ఎక్కిస్తుంది. డీ0 కింద ఇప్పుడున్నది డీ10, అంటే ప్యాచ్ పడినది. పాత కెర్నల్, కొత్త మాడ్యూల్స్. వెనక్కి వచ్చేశామని అందరూ ఊపిరి పీల్చుకుంటారు, సమస్య మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి బూట్ అయిన వెంటనే డీఎఫ్ -కే తో రూట్ చూడమని రాయి. మొదటి కాలమ్‌లో సీ0టీ1డీ0ఎస్0 కనిపించాలి. అక్కడ ఎమ్‌డీ, డీ0 అని కనిపిస్తే ఏమీ ముట్టుకోకుండా కిందికి దించెయ్యాలి.

2008 అక్టోబర్ విడుదల నుంచి, లేదా 137137-09 కెర్నల్ ప్యాచ్ పడిన దగ్గర నుంచి, స్పార్క్‌లో కూడా బూట్ ఆర్కైవ్ (బూట్‌కి కావలసిన ఫైళ్ళ మూట) వచ్చింది. ఫైలు సవరించి ఊరుకుంటే బూట్ అయ్యేటప్పుడు ఆర్కైవ్‌లోని పాత ప్రతినే చదువుతుంది. అన్‌మౌంట్ చేసే ముందు ‘బూట్‌ఎడీఎమ్ అప్‌డేట్-ఆర్కైవ్ -ఆర్ /ఎమ్ఎన్‌టీ’ తప్పనిసరి. నీ పేజీల్లో ఈ లైను లేదు. దాని తర్వాత సీ0టీ1డీ0ఎస్0 రా డివైస్ మీద ఇన్‌స్టాల్‌బూట్. మిర్రర్ కాబట్టి బూట్ బ్లాక్ కూడా వచ్చేసి ఉంటుందిలే అని వదలకూడదు.

ఆ డిస్కుకి ఓకే ప్రాంప్ట్‌లో ఎన్‌వీఅలియాస్‌తో రూట్‌మిర్రర్ అని పేరు పెట్టుకుంటే మంచిది. డివైస్ దారిని ఎల్ఎస్ -ఎల్ నుంచి తీసుకున్నప్పుడు అందులోని ‘ఎస్‌డీ’ని ‘డిస్క్’ అని మార్చాలి, సున్నా స్లైస్ అయితే చివర ‘ఏ’ రావాలి. అలియాస్ పెట్టాక, ప్యాచ్ వెయ్యక ముందే, ‘బూట్ రూట్‌మిర్రర్ -ఎస్’ అని ఒకసారి లేపి చూడాలి. అదనంగా ఒక రీబూట్ పడుతుంది. డౌన్‌టైమ్ పెరుగుతుందని మేనేజర్లు ఈ మెట్టును కొట్టేస్తారు. నువ్వు కొట్టెయ్యకు. లేస్తుందో లేదో తెలియని డిస్కును నమ్ముకుని ప్యాచ్ మొదలుపెట్టమని నీ పేరుతో ఎవరికీ చెప్పకు.

ప్యాచ్ వెయ్యడం మీద నువ్వు నాలుగు పేజీలు రాశావు, ఒకటి చాలు. రిటర్న్ కోడ్‌లు మాత్రం ఉండాలి. 2 అంటే ఆ ప్యాచ్ ఇదివరకే ఉంది, 8 అంటే ఆ ప్యాకేజీ ఈ సర్వర్‌లో లేదు. ఈ రెంటికీ కంగారు పడక్కర్లేదు. 25 వస్తే ముందు పడాల్సిన ప్యాచ్ ఒకటి పడలేదని అర్థం, అక్కడ ఆగాలి.

ఏడో పేజీ ఇలా తిరగరాయి. వెనక్కి మారాలని నిర్ణయం అయింది. ఓకే ప్రాంప్ట్‌లో బూట్-డివైస్ వరసను ముందు రూట్‌మిర్రర్, తర్వాత రూట్‌డిస్క్ (సీ0టీ0డీ0కి పెట్టిన పేరు) అని సెట్ చెయ్యాలి. లేకపోతే ఎవరో రీబూట్ కొట్టిన రోజున సర్వర్ మళ్ళీ ప్యాచ్ పడిన సీ0టీ0డీ0 మీద లేస్తుంది. పాత డిస్కు మీద లేచి, డీఎఫ్ చూసి, నిలకడగా నడుస్తోందని తేలాక మిర్రర్ మాట. మెటాక్లియర్ -ఆర్ డీ0 కొడితే డీ0తో పాటు దాని కింద ఉన్న డీ10 నిర్వచనం కూడా పోతుంది. డీ20నీ క్లియర్ చేసి, ‘మెటాఇనిట్ -ఎఫ్ డీ20 1 1 సీ0టీ1డీ0ఎస్0’ అని మళ్ళీ కట్టాలి. ఆ స్లైస్ మౌంట్ అయి ఉంది కాబట్టి -ఎఫ్ కావాలి. తర్వాత ‘మెటాఇనిట్ డీ0 -ఎమ్ డీ20’. ఒక్క డీ20 మాత్రమే. స్వాప్‌కీ వార్‌కీ ఇదే వరస. మెటారూట్ డీ0 వీఎఫ్‌ఎస్‌టాబ్‌లో రూట్ లైనునూ, సిస్టమ్ ఫైలునూ తనే సవరిస్తుంది. స్వాప్, వార్ లైన్లు మన చేత్తో మార్చాలి. లాక్‌ఎఫ్‌ఎస్ -ఎఫ్ఏ, రీబూట్. ఈసారి డీఎఫ్‌లో డీ0 కనిపించాలి. అప్పుడు డీ10ని సీ0టీ0డీ0ఎస్0 మీద కొత్తగా కట్టి, ‘మెటాటాచ్ డీ0 డీ10’.

మెటాటాచ్‌లో డేటా ఎటు నుంచి ఎటు పోతుందో ఒక వాక్యం పెట్టు: మిర్రర్‌లో ముందే ఉన్నదాని నుంచి, ఇప్పుడు వచ్చి చేరుతున్నదాని మీదికి. చేరుతున్న డిస్కులో ఉన్నదంతా చెరిగిపోతుంది. ఇక్కడ చెరిగేది ప్యాచ్ పడిన సీ0టీ0డీ0, మనకు కావలసిందీ అదే. ప్యాచ్ సవ్యంగా పడిన రోజున మాత్రం వరస తిరగబడుతుంది. డీ0 కింద కొత్త డీ10 ఉంటుంది, చేరేది పాత డీ20. ఆ మెటాటాచ్ కొట్టగానే వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది. ఎన్నాళ్ళు ఆగాలని అడిగావు. నెలాఖరు బ్యాచ్ జాబులు ఒకసారి కొత్త కెర్నల్ మీద నడిచేదాకా ఆగమంటాను. అన్నాళ్ళూ ఒక్క డిస్కు మీద నడపడం ప్రమాదమేనని నాకు తెలుసు, ఆ మాట కూడా నీ రాతలో ఉండాలి. రీసింక్ సగంలో ఉండగా రీబూట్ చెయ్యొద్దని, మెటాస్టాట్‌లో శాతం పోయి ‘ఓకే’ వచ్చేదాకా చూడమని రాయి.

రూట్ జడ్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో రకం ఫైల్ సిస్టమ్ మీద ఉన్న సర్వర్‌లకు ఈ తంతు అవసరం లేదు. లూక్రియేట్‌తో ఇంకో బూట్ ఎన్విరాన్‌మెంట్ (బూట్ అవ్వగల సిస్టమ్ ప్రతి) కట్టి, దానికే ప్యాచ్ వేసి, లూయాక్టివేట్ చెయ్యడమే. ఆ తర్వాత ఇనిట్ 6 గానీ షట్‌డౌన్ గానీ వాడాలి. రీబూట్, హాల్ట్ కమాండ్లు వాడితే మార్పిడి పూర్తి కాదు. దాని మీద వేరే వ్యాసం రాయి, ఇందులో కలపకు.

ఇంకొకటి. ‘చేయబడును’, ‘మార్చబడినది’ అని నీ పేజీల్లో అడుగడుగునా ఉంది. ఎవరు చేస్తారు? అడ్మినా, కమాండా, బూట్ అయ్యేటప్పుడు సిస్టమే చేస్తుందా? మెటారూట్ ఏ లైన్లు మారుస్తుంది, మనం ఏవి మార్చాలి అన్న తేడా ఆ ‘బడు’లో మునిగిపోయింది. హైదరాబాదులో కూర్చుని, ఎక్కడో ఇంకో దేశంలో ఉన్న సర్వర్‌ని కన్సోల్ కిటికీలోంచి చూస్తూ నీ పేజీ చదివే పిల్లవాడికి ఆ తేడానే కావాలి. తెర ఫొటోలు పదహారు పెట్టావు, ఈ కాలంలో అందరూ పెడుతున్నారు. అన్నీ తీసెయ్. మెటాస్టాట్ ఏం చూపించాలో అక్షరాల్లో రాస్తే దాన్ని వెతకడానికీ, పోల్చుకోవడానికీ వీలవుతుంది.

పుస్తకంగా వెయ్యవచ్చా అన్న ప్రశ్న ఇంకోసారి చూద్దాం. ముందు ఏడో పేజీ తిరగరాసి పంపు. ఇప్పటికే ఈ ప్రతి ఎవరికైనా ఇచ్చి ఉంటే, ఇవాళే ఫోన్ చేసి ఆ ఒక్క పేజీ చింపెయ్యమని చెప్పు.

ఆశీస్సులతో.