నోటిపూత మాటిమాటికీ వస్తుంటే సీఆర్‌పీ నార్మల్ ఎందుకు?

కడప నుంచి అడిగారు: నెలనెలా నోటిపూత, ఎర్రకారం దోసె నోట పెట్టలేను, అయినా సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చూపే రక్తపరీక్ష) నార్మలే, ఎందుకని?

పుండు చిన్నది, వాపు అక్కడికే పరిమితం. అందుకే చాలామందిలో సీఆర్‌పీ, వాపును చూపే మరో పరీక్ష ఈఎస్‌ఆర్ పెరగవు, పెరిగినా కొద్దిగానే. న్యూట్రోఫిల్-లింఫోసైట్ నిష్పత్తి (రెండు రకాల తెల్లరక్తకణాల మధ్య నిష్పత్తి) కాస్త ఎక్కువని కొన్ని అధ్యయనాల్లో తేలింది గానీ, దాన్నిబట్టి ఫలానావాళ్లకు ఫలానా జబ్బని చెప్పలేం. నన్నడిగితే వీటికి పెట్టే డబ్బు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), బీ12, ఫోలేట్ పరీక్షలకు పెట్టండి. లోపం దొరికితే సరిచేసుకోవచ్చు, పూతా తగ్గొచ్చు.

కళ్లు ఎర్రబడి నొప్పి, మర్మాంగాల దగ్గర పుండ్లు, విరేచనాల్లో రక్తం ఉంటే మాత్రం సీఆర్‌పీ ఎంతున్నా డాక్టర్‌కి చూపించకుండా ఆగొద్దు. బెహ్‌సెట్ (రక్తనాళాల్లో వాపు తెచ్చే జబ్బు), క్రోన్స్ (పేగుల్లో వాపు తెచ్చే జబ్బు) కావొచ్చు. ఒకే పుండు 3 వారాలైనా మానకపోతే, అందులోనూ గుట్కా అలవాటుంటే, మీ కడపలోనే ఉన్న ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో వెంటనే చూపించండి.