వెంట్ పైపు పక్కన ఆరంగుళాలు వదలండి

బేస్‌మెంట్‌లో గ్యాస్ వాటర్ హీటర్ వెంట్ పైపు (కాలిన వేడి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టం) పక్కన చెక్క షెల్ఫు వేసుకోవచ్చా అని అడిగారు. పైపు ఒకే రేకుదైతే, అంటే సింగిల్ వాల్ అయితే, కాలే వస్తువేదైనా 6 అంగుళాల దూరంలో ఉండాలి. రెండు రేకుల మధ్య గాలి ఉండే బి-వెంట్ అయితే మామూలుగా 1 అంగుళం చాలు, ఆ సంగతి పైపు మీదే అచ్చువేసి ఉంటుంది. ఆ ఖాళీలో ఇన్సులేషన్ కుక్కకండి.

నాకిది న్యూజెర్సీలో ఇల్లు కొన్న మొదటి ఏడాదే తెలిసొచ్చింది. సంక్రాంతి వెళ్లాక బొమ్మల కొలువు సర్ది, అట్టపెట్టెలు హీటర్ గదిలో పాత ఓనర్ వదిలేసిన షెల్ఫు మీద పెట్టాను. వేసవిలో అమ్మ వచ్చింది. మెట్లు దిగుతూనే "ఏదో మాడిన వాసన వస్తోందే" అంది. నేను పట్టించుకోలేదు. మర్నాడు తనే వెళ్లి పెట్టె దించింది. పైపు వైపున్న అట్ట టీ డికాషన్ రంగుకి తిరిగి, పట్టుకుంటే అప్పడంలా విరిగింది. టేపు ఊడి ముడుచుకుపోయింది. కొండపల్లి బొమ్మలకు చుట్టిన కాగితం కూడా పెళుసెక్కింది. పైపుకీ పెట్టెకీ మధ్య నా బొటనవేలు పట్టేంత సందు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

చెక్కకైనా అట్టకైనా నెలల తరబడి వేడి తగిలితే, కొత్తగా ఉన్నప్పటికన్నా తక్కువ వేడికే అంటుకునే స్థితికి వస్తాయి. అందుకే "ఇన్నాళ్లూ ఏం కాలేదుగా" అంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఇల్లు కొనేటప్పుడు వచ్చిన ఇన్‌స్పెక్టర్ గట్టర్‌లో ఆకులకు బోలెడు ఫొటోలు తీశాడు. ఆ షెల్ఫు గురించి ఒక్క ముక్క రాయలేదు. మనవాళ్లేమో పర్మిట్ లేకుండా బేస్‌మెంట్ కట్టించుకుని, "డ్రైవాల్ వేశాం, ఏం కాదు" అంటారు. డ్రైవాల్ అంటే గోడకు బిగించే జిప్సం పలక, దాని వెనకున్నది చెక్కే కదా! దూరం ఆ చెక్క దాకా కొలవాలి.

నన్నడిగితే హీటర్ గదిలో సామాన్లే పెట్టకూడదు. మా బొమ్మలు ఇప్పుడు మేడ మీద బీరువాలో ఉన్నాయి.

షెల్ఫు వేసే ముందు టార్చ్ వేసి పైపు పొడవునా చూడండి. హీటర్ దగ్గర సింగిల్ వాల్, పైన బి-వెంట్ ఉండే ఇళ్లు చాలా ఉన్నాయి.