ఎముకలు, కండరాల స్కాన్లపై ఏఐ పీహెచ్‌డీలో అసలు ఏం చేస్తారు?

కడుపునొప్పికి తీసిన సీటీ స్కాన్‌లో వెన్నెముక, దాని పక్క కండరాలు కూడా పడతాయి. మామూలుగా వాటిని ఎవరూ కొలవరు. ఆ కొలతను కంప్యూటర్‌తో చేయించడమే ఈ పరిశోధనలో పెద్ద భాగం. ఉదాహరణకు, నడుములోని మూడో వెన్నుపూస దగ్గర ఒక్క స్లైస్ (శరీరాన్ని అడ్డంగా కోసినట్టు చూపే చిత్రం) తీసుకుని, మైనస్ 29 నుంచి 150 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్ల (సీటీలో కణజాలం ఎంత దట్టంగా ఉందో చెప్పే కొలమానం) మధ్య ఉన్న పిక్సెళ్లను కండరంగా లెక్కిస్తారు. చిక్కేమిటంటే, పేగు గోడ కూడా అదే రేంజ్‌లోకి వస్తుంది. అందుకే హద్దులు గుర్తించడం యూ-నెట్ (చిత్రంలోని భాగాలను విడదీసే ఏఐ) లాంటి మోడల్‌కు నేర్పాలి. అంతకుముందు ఎవరో ఒకరు కూర్చుని, స్లైస్ తర్వాత స్లైస్ మీద చేత్తో గీతలు గీయాలి. ఓపికకు పరీక్ష ఇక్కడే.

ఒక స్కానర్ మీద బాగా పనిచేసిన మోడల్ ఇంకో స్కానర్ దగ్గర తడబడవచ్చు. నా దృష్టిలో థీసిస్ బలం తేలేది అక్కడే. అదే స్కాన్‌లోని వెన్నుపూసలను కూడా ఇలా కొలిచి ఎముక బలహీనతను ముందే పసిగడితే, తుంటి విరగకముందే చికిత్స మొదలుపెట్టొచ్చు.