కేదార్‌కంఠ చలికి బట్టలు: కాటన్ బనియన్ దగ్గర మొదలుపెట్టండి

విశాఖ నుంచి నలుగురు స్నేహితులు డిసెంబర్ చివర్లో ఉత్తరాఖండ్ హిమాలయాల్లోని కేదార్‌కంఠ ట్రెక్‌కి వెళ్తున్నామని, ఎవరూ ఇంతవరకు మంచు చూడలేదని రాశారు. లంబసింగిలో సరిపోయిన స్వెటర్, జీన్స్ అక్కడా సరిపోతాయా, జాకెట్ ఎంత మందంగా ఉండాలి అని మీ ప్రశ్న. నేను 2021 డిసెంబర్‌లో ఒకసారి, 2023 జనవరిలో ఇంకోసారి ఆ కొండ ఎక్కాను. మొదటిసారి బట్టల్లో చేసిన ఒక్క పొరపాటుకి ఒక రాత్రి సగం వణుకుతూ గడిపాను. రెండోసారి అంతకంటే తక్కువ బట్టలతో వెళ్లి కంటినిండా నిద్రపోయాను. అందుకే జాకెట్ సంగతి తర్వాత. ముందు బనియన్ గురించి చెప్పాలి.

మగవాళ్లకి చొక్కా కింద బనియన్ వేసుకోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. నేను ట్రెక్ మొదలయ్యే ఊరు సాంక్రీలో గదిలో తయారవుతున్నప్పుడు కూడా అలవాటుగా కాటన్ బనియన్ వేసుకున్నాను. దాని మీద థర్మల్ (ఒంటికి ఆనే వెచ్చటి లోపలి బట్ట), దాని మీద ఫ్లీస్ (నూగులా మెత్తగా ఉండే పాలిస్టర్ స్వెటర్), ఆ పైన లావు జాకెట్. తీసుకెళ్లే సంస్థ వాళ్లు పంపిన లిస్టులో కాటన్ వద్దని స్పష్టంగానే ఉంది. కాటన్ షర్టులు, జీన్స్ ఇంట్లోనే వదిలేశాను కూడా. బనియన్ మాత్రం నా లెక్కలోకి రాలేదు.

సాంక్రీ నుంచి మొదటి క్యాంపు జూడా కా తాలాబ్ నాలుగు కిలోమీటర్లే. కానీ మొదటి అడుగు నుంచీ ఎక్కుడే. పొద్దున చలికి జాకెట్ తియ్యబుద్ధి కాలేదు. పావుగంటకే చెమట పట్టింది, వీపు మీద బ్యాగు ఉండడంతో అది ఆరే దారి కూడా లేదు. మధ్యాహ్నం క్యాంపుకి చేరాక ఎండ బాగుంది కదా అని అలాగే కూర్చుని కబుర్లు చెప్పుకున్నాం. నాలుగు దాటాక ఎండ చెట్ల వెనక్కి వెళ్లింది. ఎవరో స్విచ్ ఆపేసినట్టు ఒక్కసారిగా చలి మారిపోయింది. జాకెట్ ఉంది, ఫ్లీస్ ఉంది, అయినా వీపులోంచి వణుకు. థర్మల్ మీద చెయ్యి పెడితే పొడిగానే ఉంది. లోపలికి పెడితే బనియన్ తడిగుడ్డలా వీపుకి అతుక్కుని ఉంది. గుడారంలోకి వెళ్లి విప్పి, బయట తాడు మీద ఆరేశాను. గంట తర్వాత చూస్తే అది అప్పడంలా బిగుసుకుపోయింది. పట్టుకుంటే చేతిలో నిలువుగా నిలబడింది.

అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయింది. ఒళ్లు ఒకసారి చల్లబడ్డాక మళ్లీ వేడెక్కడం చాలా కష్టం. స్లీపింగ్ బ్యాగులో దూరినా పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి. మా గైడు, ఆ ఊరి కుర్రాడే, ఒంటి మీద బట్టలన్నీ మార్పించి, సీసాలో వేడినీళ్లు పోసి గట్టిగా మూత బిగించి పొట్ట దగ్గర పెట్టుకోమన్నాడు. పదకొండు దాటాక గానీ వణుకు ఆగలేదు.

బట్టలకి సొంత వేడి ఉండదు. వేడి పుట్టేది ఒంట్లో, బట్ట చేసేదల్లా ఆ వేడిని తన పోగుల మధ్య గాలిలో పట్టి ఉంచడమే. కాటన్ చెమటని తాగేస్తుంది, గాలి ఉండాల్సిన చోట నీళ్లు నిండుతాయి. నీళ్లు కదలని గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. అంటే తడిసిన బనియన్ మనల్ని కాపాడకపోగా చల్లబరిచే పని చేస్తుంది. మన ఎండలకి కాటన్ హాయిగా ఉండేది సరిగ్గా ఇందుకే. ఆ హాయే అక్కడ ప్రమాదం.

ఉన్ని అలా కాదు. మా తాత వానాకాలం గొర్లు కాయడానికి వెళ్తూ గొంగడి తల మీంచి ముసుగేసుకునేవాడు. ముసురులో రోజంతా నానినా, తడిసిన గొంగడి కింద ఒళ్లు వెచ్చగానే ఉంటుందనేవాడు. చిన్నప్పుడు అది మొరటు దుప్పటి అని పక్కన పెట్టినవాణ్ణి. సాంక్రీలో ఊరి పెద్దలు సొంత గొర్రెల ఉన్నితో చేసిన దళసరి కోట్లు తొడుక్కుని మంచులో తిరుగుతుంటే తాత మాట గుర్తొచ్చింది. పాలిస్టర్ వెచ్చదనంలో ఉన్ని అంత కాదు గానీ, నీళ్లు పెద్దగా పీల్చదు, త్వరగా ఆరుతుంది. ఒంటికి ఆనే బట్ట ఈ రెండిట్లో ఏదో ఒకటి అయి తీరాలి. మెరినో అనే గొర్రెల సన్నటి ఉన్నితో చేసిన థర్మల్ ఖరీదెక్కువ. త్వరగా వాసన పట్టదు కాబట్టి నాలుగైదు రోజులు ఒక్కటే వేసుకోవచ్చు. డబ్బు చూసుకోవాలంటే పాలిస్టర్ థర్మల్ రెండు జతలు కొనండి, చాలు. కొనేముందు లోపలి లేబుల్ చదవండి. మామూలు బట్టల షాపుల్లో థర్మల్స్ పేరుతో అమ్మేవాటిలో చాలావరకు కాటన్ కలిసినవే. మీలో ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారన్నారు. వాళ్ల ఇన్నర్స్‌కి కూడా ఇదే మాట వర్తిస్తుంది. కాటన్ బ్రా తడిస్తే నా బనియన్ చేసిన పనే చేస్తుంది. వ్యాయామానికి వాడే సింథటిక్ రకం తీసుకోమనండి.

ఇక లంబసింగితో పోలిక. అది సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. అక్కడ తెల్లవారుజామున మంట దగ్గర కూర్చుని, తొమ్మిదికల్లా ఎండ వస్తే స్వెటర్ తీసేసి, కారెక్కి వచ్చేస్తాం. కేదార్‌కంఠ శిఖరం 3,800 మీటర్లు. సాంక్రీయే 1,900 మీటర్ల పైన ఉంటుంది. ప్రతి వెయ్యి మీటర్లకి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి సాంక్రీకి, శిఖరానికి మధ్యే పన్నెండు డిగ్రీల తేడా. దానికి గాలి తోడు. పైగా మూడు రాత్రులు గుడారంలోనే, తిరిగి వెళ్లి వెచ్చబడడానికి గది ఉండదు. మేము వెళ్లినప్పుడు బేస్ క్యాంపులో రాత్రి మైనస్ పదికి దిగింది. జీన్స్ మాత్రం దయచేసి వద్దు. అది కూడా కాటనే. తడిస్తే బరువెక్కి గట్టిపడుతుంది, ఆ చలిలో రోజంతా ఆరేసినా ఆరదు.

మీ స్వెటర్లు పారేయక్కర్లేదు. చలికాలంలో మన ఊళ్లలో టిబెటన్ వాళ్ల దుకాణాల్లో దొరికేవి ఎక్కువగా ఆక్రిలిక్‌వి, నీళ్లు అంతగా పీల్చవు. క్యాంపులో కూర్చున్నప్పుడు వేసుకోవచ్చు. కానీ వాటిలోంచి గాలి దూసుకొస్తుంది, బ్యాగులో చోటు తినేస్తాయి. వాటి బదులు ఒక పల్చటి ఫ్లీస్, ఒక మందమైన ఫ్లీస్ ఉంటే నడకలో వేసుకోవడం తియ్యడం తేలిక.

జాకెట్ ఎంత మందం అన్నారు. ఒకే లావు జాకెట్ మీద నమ్మకం పెట్టుకోకండి. నడుస్తున్నప్పుడు దాన్ని వేసుకోకూడదు, అసలు కిటుకు ఇదే. బాతు లేదా గూస్ (పెద్ద బాతు) నూగుతో నింపిన డౌన్ జాకెట్ తేలిగ్గా ఉంటుంది, మడిచి నొక్కితే చిన్న సంచిలో పడుతుంది. దాని మీద 600, 700, 800 అని అంకెలుంటాయి. అది ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు ఎంత చోటు పొంగి ఆక్రమిస్తుందో చెప్పే కొలత. అంకె పెరిగితే అంతే వెచ్చదనం తక్కువ బరువులో వస్తుంది. అయితే నూగు తడిస్తే ముద్ద అయిపోయి దేనికీ పనికిరాదు. కాబట్టి చెమట పట్టే ఎక్కుడులో అది బ్యాగులోనే ఉండాలి. ఆగిన మరుక్షణం, ఇంకా చలి వెయ్యకముందే, తీసి తొడుక్కోవాలి. రెండోసారి వెళ్లినప్పుడు థర్మల్, పల్చటి ఫ్లీస్ మాత్రమే వేసుకుని బయల్దేరాను. మొదటి ఐదు నిమిషాలు చలి వేసింది. ఆ తర్వాత సరిగ్గా సరిపోయింది. చెమట పట్టేలా అనిపిస్తే మొహమాటపడకుండా ఆగి ఒకటి తీసేయండి. గుంపు ముందుకెళ్లిపోతుందని టెన్షన్ పడి అలాగే నడిచేవాళ్లే ఎక్కువ తడుస్తారు.

అన్నిటి పైన గాలిని, తడిని ఆపే పల్చటి రెయిన్ జాకెట్ ఒకటి కావాలి. పొంచో (చేతుల్లేని వాన ముసుగు) చవకే గానీ శిఖరం దగ్గర గాలికి తెరచాపలా లేస్తుంది. కాళ్లకి థర్మల్ మీద త్వరగా ఆరే ట్రెక్ ప్యాంటు చాలు, శిఖరానికి వెళ్లే రోజు దాని మీద రెయిన్ ప్యాంటు.

వేళ్ల విషయం మాత్రం నిర్లక్ష్యం చెయ్యకండి. చలి ముందు పట్టుకునేది చేతివేళ్లని, కాలివేళ్లని. శిఖరానికి రాత్రి రెండున్నర, మూడు మధ్య బయల్దేరదీస్తారు, రోజులో బాగా చల్లటి వేళల్లో అదొకటి. చేతులకి రెండు పొరలు ఉండాలి: లోపల పల్చటి గ్లవ్స్, పైన తడి దూరని దళసరివి. ఫోటో తీయాలన్నా, మైక్రోస్పైక్స్ (మంచులో జారకుండా షూ కింద తగిలించుకునే ముళ్లు) పట్టీ సరిచేసుకోవాలన్నా పైవి తీస్తాం, లోపలివి అలాగే ఉంటాయి. మొదటి ట్రిప్పులో మా స్నేహితుడు ఫోటో కోసం గ్లవ్ తీసి చంకలో పెట్టుకున్నాడు. గాలి ఒక్క విసురు విసిరింది. అది మంచు వాలు మీద జారుకుంటూ హెడ్‌లైట్ వెలుగు దాటి చీకట్లోకి వెళ్లిపోయింది. నిమిషాల్లో వేళ్లు పాలిపోయి స్పర్శ తెలియడం లేదన్నాడు. గైడు వాడి చేతిని తన జాకెట్ లోపల చంకలో పెట్టించుకున్నాడు. నా బ్యాగులో పొడి ఉన్ని సాక్స్ జత ఉంటే ఒకదాని మీద ఒకటి ఆ చేతికి తొడిగాం. వాడు శిఖరం ఎక్కి దిగింది ఆ సాక్స్‌తోనే. అప్పటి నుంచి గ్లవ్స్‌కి తాడు కట్టి మణికట్టుకి వేసుకుంటున్నాను, చిన్నపిల్లలకి కట్టినట్టు.

సాక్స్ ఎక్కువ వేసుకుంటే కాళ్లు వెచ్చగా ఉంటాయనుకుంటాం. షూ బిగుతైతే రక్తం వేళ్ల దాకా సరిగా అందక ఇంకా చల్లబడతాయి. ఒక దళసరి ఉన్ని సాక్స్, లోపల కావాలంటే పల్చటి సింథటిక్ సాక్స్, అంతవరకే. షూ కొనడానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదాలు కొంచెం ఉబ్బి ఉంటాయి. ఆ దళసరి సాక్స్ తీసుకెళ్లి, వేసుకుని చూడండి. లోపల వేళ్లు ఆడాలి. మంచు షూలోకి దూరకుండా గైటర్లు (షూ పైనుంచి పిక్కల దాకా కప్పే తొడుగులు) కట్టుకోవాలి. అవి, మైక్రోస్పైక్స్, కర్రలు సాంక్రీలో అద్దెకి దొరుకుతాయి. డౌన్ జాకెట్ కూడా మళ్లీ మళ్లీ వెళ్లే ఆలోచన లేకపోతే అద్దెకే తీసుకోండి. ఆ మిగిలిన డబ్బు థర్మల్స్, సాక్స్, గ్లవ్స్ మీద పెట్టండి. వీటిని అద్దెకి తీసుకునే ఆలోచనే వద్దు.

తలకి మంకీ క్యాప్‌ని మించింది లేదు, మన అమ్మలు చెప్పిందే నిజం. ఎండ వచ్చాక నల్లద్దాలు తప్పనిసరి. కొత్త మంచు మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మొహం మీదకే వస్తాయి.

రాత్రికి ఒక జత థర్మల్, ఒక జత సాక్స్ ప్లాస్టిక్ కవర్లో చుట్టి విడిగా ఉంచండి. ఏం జరిగినా పగలు వాటిని ముట్టుకోవద్దు. క్యాంపుకి చేరిన పది నిమిషాల్లోపే, ఒంట్లో నడక వేడి ఉండగానే, లోపలి బట్టలతో సహా మార్చేసుకోండి. మర్నాడు వేసుకునే సాక్స్, ఫోను స్లీపింగ్ బ్యాగు లోపలే పెట్టుకోండి. ముక్కు మాత్రం బయట ఉండాలి. లోపల ఊపిరి వదిలితే ఆ తేమకి బ్యాగే తడుస్తుంది.

ఇంకొక్క మాట, పెద్దన్నలా చెప్తున్నాననుకోండి. చలికి ఒక పెగ్గు వేస్తే వెచ్చగా ఉంటుందని గుంపులో ఎవరో ఒకరు అంటారు. మందు చర్మం దగ్గరి రక్తనాళాలని వెడల్పు చేస్తుంది. వెచ్చగా అనిపించేది లోపలి వేడి బయటికి పోతుండడం వల్లే. అక్కడ వద్దు. మీలో ఎవరైనా ఆగకుండా వణుకుతున్నా, మాట ముద్దగా వస్తున్నా, జిప్పు పెట్టుకోవడానికి వేళ్లు సహకరించకపోయినా, నడక తడబడుతున్నా వెంటనే గైడుకి చెప్పండి. తడి బట్టలు తీయించి, పొడివి వేసి, మెలకువగా ఉంటే పంచదార వేసిన వేడి టీ తాగించండి. వాళ్లు ఏం ఫర్వాలేదంటారు, ఆ మాట నమ్మకండి. ఆ రాత్రి నేనూ అదే అన్నాను.

విశాఖలో మైనస్ పది చలి దొరకదు గానీ చెమట పరీక్ష పెట్టుకోవచ్చు. కొన్న థర్మల్ వేసుకుని, ట్రెక్‌లో మోసే బ్యాగు వీపున వేసుకుని, పొద్దున్నే సింహాచలం మెట్ల దారి ఎక్కండి. పైకి చేరాక బ్యాగు దించి నీడలో కూర్చుని చూడండి. మంచి థర్మల్ వీపు మీద తడి అరగంటలో చాలావరకు వదిలేస్తుంది. ఇంకా అతుక్కునే ఉంటే ఇంటికెళ్లి లేబుల్ మళ్లీ చదవండి, కాటన్ కలిసి ఉండొచ్చు. మార్చుకోవడానికి మీకింకా సమయం ఉంది. సాంక్రీలో మిగతా సామాను గదిలో పెట్టి బయల్దేరే పొద్దున కూడా, థర్మల్ కింద అలవాటుగా ఏం వేసుకున్నారో నలుగురూ ఒకసారి చూసుకోండి.