అద్దె మేడ కొనే ముందు 1998 నాటి అనుమతి చూడండి

ప్రశ్న: మాది గుణుపురం. రాయగడలో కింద మూడు దుకాణాలు, పైన రెండు వాటాలు ఉన్న మేడ అమ్మకానికి వచ్చింది. యజమాని గిరిజనేతరుడు, మా నాన్నగారి చిరకాల మిత్రుడు. ఆయన మాట మీద లక్ష రూపాయలు చేతికిచ్చాను, రసీదు లేదు. ఆ స్థలం 1998లో ఆయన ఒక గిరిజన కుటుంబం దగ్గర కొన్నారట. అనుమతి కాగితం కనపడకపోతే మా పాలేరు గిరిజనుడే కనుక అతని పేరున రాయించమని బ్రోకరు అంటున్నాడు. బేరం పెట్టవచ్చా?

జవాబు: మీ లేఖలో సగం ఆ పెద్దాయన మంచితనమే ఉంది, దానికి కోర్టులో సాక్ష్యంగా ఎగ్జిబిట్ నంబరు వేయరు. రాయగడ జిల్లా షెడ్యూల్డు ప్రాంతం, అంటే గిరిజనుల భూములకు ప్రత్యేక రక్షణ ఉన్న ప్రాంతం. ఒడిశా 1956 నాటి రెండవ రెగ్యులేషన్ ప్రకారం, గిరిజనుడు తన స్థలాన్ని గిరిజనేతరుడికి అమ్మాలంటే 1998 నాటికి సంబంధిత అధికారి ముందస్తు లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. 2002 సవరణతో అలాంటి అమ్మకమే నిషిద్ధమైంది. అనుమతి లేకుంటే ఆ విక్రయం చెల్లదు, ఆయనకు లేని హక్కు మీకూ రాదు. పన్నెండేళ్లు స్వాధీనంలో ఉంటే చాలు, హక్కు వచ్చేసినట్టేనని ఎవరైనా ధైర్యం చెబితే నమ్మకండి, ఇలాంటి ఆస్తులకు ఆ గడువు ముప్పై ఏళ్లు.

బ్రోకరు సలహా నేరుగా బేనామీ, అంటే మీ డబ్బుతో వేరొకరి పేరున కొనడం. ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు, పైగా ఆస్తి జప్తు. అదంతా తప్పించుకున్నా, రేపు పాలేరు ఎదురు తిరిగితే అతనిపై దావా వేసే హక్కు మీకు ఉండదు, అతని నుంచి మీ పేరుకు మార్చుకోవడానికి 2002 నిషేధమే అడ్డు.

రసీదు లేకుండా లక్ష ఇవ్వడం చదువుకున్నవారు చేయవలసిన పని కాదు. ఇచ్చిన తేదీ, మొత్తం రాసి, యజమాని చేత ఇప్పుడే ఒప్పుకోలు పత్రంపై సంతకం చేయించండి. వాపసు కోసం దావాకు సాధారణంగా మూడేళ్లే గడువు. అది దాటకముందు సంతకం పడితే ఆ రోజు నుంచి కొత్తగా లెక్క మొదలవుతుంది.

ఇక సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం నుంచి 1998 దస్తావేజు సర్టిఫైడ్ నకలు తీసుకొని, అందులో అనుమతి ఉత్తర్వు నంబరు ఉందేమో చూడండి. ఉంటే ఆ ఉత్తర్వు నకలు కూడా తెప్పించి, పాత ఖతియాన్‌తో (భూమి హక్కుల రికార్డుతో) సరిచూడండి. లేకపోతే బేరం అక్కడితో ఆపండి.

అంతా సరిపోతేనే అద్దెదారుల దగ్గరికి వెళ్లండి. స్వాధీనంలో ఉన్నవారి హక్కులు కొనేవారికి తెలిసినట్టే చట్టం భావిస్తుంది కనుక, ప్రతివారి చేతా అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, గడువు ఎప్పటివరకు, అమ్మకపు ఒప్పందమేదైనా ఉందా అని రాయించి సంతకం తీసుకోండి.