తేలే వంతెన గురించి రాయబోయే నీకు

చిరంజీవికి,

అమెరికాలో హుడ్ కెనాల్ అనే సముద్రపు పాయ మీద తేలే వంతెన గురించి నీవు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. ముందుగా ‘చేపలను మింగే వంతెన’ అన్న శీర్షికను తీసివేయి. వంతెన చేపలను నిలువరిస్తుంది, ఆలస్యం చేస్తుంది, ఒకచోట గుంపు చేస్తుంది. చంపేవి వేరే ఉన్నాయి. వ్యాసానికి ప్రాణం ఈ వరుసలోనే ఉంది.

వాషింగ్టన్ రాష్ట్రంలోని ఆ వంతెన కింద నీరు కొన్నిచోట్ల 300 అడుగులకు పైగా లోతు ఉండగా, వంతెనను మోసే పాంటూన్లు, అంటే నీటిపై తేలే బోలు దిమ్మెలు, మునిగి ఉండేది సుమారు 12 అడుగులే (3.6 మీటర్లు). అడుగున అంత దారి ఉన్నప్పుడు చేప ఎందుకు ఆగాలి? ధవళేశ్వరం దగ్గర ఆగిపోయే పులసను ఎరిగిన తెలుగు పాఠకుడు ఈ ప్రశ్న తప్పక వేస్తాడు. నీ వ్యాసంలో దానికి జవాబు లేదు. పులస గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదే పెద్ద చేప, దానికి అడ్డు నది అడుగు నుంచి లేచిన కట్టడం. హుడ్ కెనాల్‌లోవి నదుల్లో పుట్టి వసంతకాలంలో సముద్రానికి బయలుదేరే పిల్లలు. వీటిలో సాల్మన్ కుటుంబానికి చెందిన స్టీల్‌హెడ్ అనే చేప పిల్లలు ఎక్కువగా నీటి పైపొరలోనే ఈదుతాయి. నదుల నీరు ఉప్పునీటి మీద తేలుతూ సముద్రం వైపు సాగేదీ ఆ పొరలోనే, వంతెన అడ్డుపడేదీ సరిగ్గా ఆ పొరకే. దాని కిందికి దిగి దాటాలని వెంటనే తోచక అవి వంతెన వెంబడి అటూ ఇటూ తిరుగుతాయి, అంతలో సీల్ వంటి వేటజీవులకు చిక్కుతాయి.

ఆధారం చెప్పేటప్పుడు తొందరపడకు. 2013లో వెలువడిన పరిశోధనలో చేపపిల్లల శరీరంలో ధ్వని సంకేతాలు పంపే ట్యాగులు అమర్చి, వాటిని నీటిలోని గ్రాహకాలతో గమనించారు. వంతెన పరిసరాల్లో 27 మరణాలు నమోదు కాగా, మిగిలిన 325 గ్రాహకాల దగ్గర నమోదైనది ఒక్కటే. ‘వేల చేపలు’ అన్న నీ మాటకంటే ఈ రెండు అంకెలు పక్కపక్కన నిలబడితే బలం ఎక్కువ. వంతెన దాకా చేరిన స్టీల్‌హెడ్ పిల్లల్లో సగం వరకు దానిని దాటలేకపోతున్నాయన్న అంచనా ఆ తరువాత రాయి. అయితే సాల్మన్ జాతులన్నిటినీ స్టీల్‌హెడ్‌తో ఒకే గాటన కట్టకు. ఈ ఆధారం స్టీల్‌హెడ్‌కు సంబంధించినది. హుడ్ కెనాల్ కలిసే ప్యూజెట్ సౌండ్ అనే పెద్ద సముద్రపు పాయ ప్రాంతపు స్టీల్‌హెడ్‌ను 2007లోనే ముప్పున్న జాతిగా ప్రకటించారని చెప్పడం మరచిపోకు.

సీల్‌ను దుర్మార్గురాలిగా చిత్రించిన పేరా నాకు నచ్చలేదు. తిండి ఒకచోట పోగుపడితే ఏ జంతువైనా అక్కడికే వస్తుంది.

‘వంతెనను కూల్చివేయాలి’ అన్న వాక్యం రాసే ముందు దాని చరిత్ర చూడు. 1961లో తెరిచిన ఆ వంతెన పడమటి సగం 1979 ఫిబ్రవరిలో తుఫాను గాలికి మునిగిపోయింది. తిరిగి 1982లో గాని రాకపోకలు మొదలు కాలేదు. ఆ మధ్య కాలమంతా ఒలింపిక్ ద్వీపకల్పానికి వెళ్లేవారు పడవలనో చుట్టుదారినో నమ్ముకోవలసి వచ్చింది. అందుకే నిపుణులు వంతెనను ఉంచుతూనే, చేపలు చిక్కుకునే పాంటూన్ల మూలల ఆకారాన్ని మార్చే ఉపాయాన్ని ముందుకు తెచ్చారు. నీవు ఒక్క వాక్యంలో దాటేసిన ఆ సంగతిని పూర్తి భాగంగా విస్తరించి మళ్లీ పంపు.

ఆశీస్సులతో.